ధర్మవరం నుంచి తెచ్చిన క్రాంక్‌షాఫ్టు

పదిహేనేళ్ల కిందట, ఒక జూన్ నెలలో, నన్ను భీమవరం నుంచి హిందూపురానికి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ఇంజనీరు, మెయింటెనెన్స్. భీమవరంలో మా కంపెనీకి రొయ్యలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలు ఉండేవి. ఇటువైపు హిందూపురంలో చింతపండు, ఎండుమిరప నిల్వచేసే పెద్ద గిడ్డంగి, పెనుకొండలో పాలు చల్లబరిచే కేంద్రం, ధర్మవరంలో బత్తలపల్లి రోడ్డు మీద ఒక ఐస్ ఫ్యాక్టరీ ఉండేవి. ఈ మూడుచోట్లా ఉన్న కంప్రెసర్ల బాగోగులు నా బాధ్యత. నేను వచ్చిన మరుసటి ఏడు ఐస్ ఫ్యాక్టరీ గిట్టుబాటు కాక మూతపడింది. యంత్రాలు మాత్రం కొనేవాళ్లు లేక అక్కడే ఉండిపోయాయి.

రెండేళ్లలో వెనక్కి తెచ్చేస్తామని బదిలీ చేసేటప్పుడు పైవాళ్లు మాటిచ్చారు. ఆ మాట పట్టుకుని ఒంటరిగా వచ్చాను. నా భార్య సుభద్ర భీమవరం దగ్గర ఒక ఊళ్లో జిల్లా పరిషత్తు బడిలో టీచరు. ఆమె ఉద్యోగం జిల్లా దాటడం అప్పట్లో అంత తేలిక కాదు. మాకు పిల్లలు లేరు. ఇద్దరమే కాబట్టి రెండేళ్లు ఎలాగో గడిచిపోతాయనుకున్నాం. రెండేళ్లు నాలుగేళ్లయ్యాయి. పండక్కో, బడికి వరసగా సెలవులొచ్చినప్పుడో నేను రైళ్లు మారి వెళ్లేవాణ్ని. తిరిగొచ్చేటప్పుడు ఆమె రైలుపెట్టె పక్కన నిలబడి, కిటికీ ఊచ మీద చెయ్యి వేసేది. రైలు కదిలాక చెయ్యి తీసేది.

గోదావరి నీళ్లు తాగి పెరిగినవాడికి హిందూపురం మొదట్లో కష్టమే. నా గది రైల్వే లైను పక్కన ఉండేది. పొద్దున లేస్తే గొంతు ఎండిపోయి ఉండేది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లే మా కండెన్సరు గొట్టాల మీద ధారగా పోసేవాళ్లం కాబట్టి ఏటా వాటి మీద తెల్లటి పొర రాయిలా పేరుకునేది. దాన్ని గీకించే పని పడినప్పుడల్లా నాకు మా కాలవ గుర్తొచ్చేది. ఇంకో ఏడాది, ఇంకో గీకుడు అనుకునేవాణ్ని.

ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. చల్లదనాన్ని ఎవరూ తయారుచెయ్యరు. గదిలో ఉన్న వేడిని ఎత్తి బయట పారబోస్తారు, అంతే. ఆ వేడిని మోసుకొచ్చేది అమ్మోనియా. గది కప్పు కింద గొట్టాల్లో అది ఆవిరవుతూ వేడిని తీసుకుంటుంది. ఆ ఆవిరిని పీల్చి, గట్టిగా ఒత్తి, కండెన్సరులోకి నెట్టేది కంప్రెసరు. అక్కడ నీళ్ల ధార కింద అది వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. కంప్రెసరు ఆగిందంటే మిగతావన్నీ ఉన్నా లేనట్టే. హిందూపురంలో మాకు రెండు కంప్రెసర్లుండేవి. మామూలు రోజుల్లో ఒకటి నడిస్తే చాలు. ఎండలు ముదిరి, కొత్త చింతపండు దిగేటప్పుడు రెండూ నడవాలి. అందుకే ఏటా సంక్రాంతి తర్వాత, పాత సరుకు తగ్గి కొత్తది ఇంకా రాని ఆ కొద్ది వారాల్లో, ఒకదాని తర్వాత ఒకటి విప్పి చూసేవాళ్లం. దాన్నే ఓవర్‌హాలింగ్ అంటాం.

ఆ విప్పుడూ బిగింపుల్లో నాకు తోడు హనుమంతరాయప్ప. మడకశిర దగ్గర పల్లె మనిషి. సీనియర్ ఆపరేటరు. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, మిషన్ దగ్గర రెండూ మాట్లాడేవాడు. నాకంటే కాస్త చిన్నవాడు, పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. భుజాన ఎప్పుడూ ఒక తువ్వాలు. కంప్రెసర్ల గదిలో, రెండో నంబరు యంత్రానికి చేతికందే దూరంలో ఒక ఇనుప స్టూలుండేది. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆపరేటరు కూర్చునేది దాని మీదే. ఎదురుగా గోడ మీద గేజీలు. పీల్చే ఒత్తిడి, నెట్టే ఒత్తిడి, నూనె ఒత్తిడి చూసి గంటగంటకీ లాగ్ పుస్తకంలో రాయాలి. నాలుగేళ్లలో నేను ఎక్కువ మాట్లాడింది ఆ స్టూలు మీది మనిషితోనే. ఆదివారాలు వాళ్లింటికి పిలిచేవాడు. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ రాగి సంగటి, చెనిక్కాయ ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, పెట్టేది. సంగటిని నమలకుండా మింగడం నాకు చేతకాక వాళ్లు చాలాకాలం నవ్వుకున్నారు.

నాలుగో ఏడు ఫిబ్రవరిలో, పెనుకొండ పాలకేంద్రంలో బెల్టులు మారుస్తుండగా రీజినల్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. భీమవరంలో ఒక ఇంజనీరు మానేశాడు, ఆ ఖాళీలో నన్ను వేశారు, నెలాఖరులోగా చేరాలి. అక్కడ రొయ్యల పని ఆగకూడదు కాబట్టి గడువు దాటితే సీనియారిటీలో నా తర్వాతివాడికి ఇస్తారు. ఉత్తర్వు వెనకాలే వస్తుందన్నారు. పెనుకొండ కొండ మీద అప్పుడు మిట్టమధ్యాహ్నపు ఎండ. బయటికొచ్చి గేటు దగ్గర నిలబడి సుభద్రకు ఫోన్ చేశాను. బడిలో ఉంది. విషయం విని "నిజమేనా అండీ" అని మాత్రం అంది. వెనక పిల్లల గోల వినిపిస్తోంది. మళ్లీ సాయంత్రం తనే చేసి, చాలాసేపు మాట్లాడింది.

ఆ వారంలోనే ఆమె ఒక ఇల్లు చూసింది. అప్పటిదాకా తనుంటున్నది ఒక్క గది. ఇది రెండు గదుల వాటా, కాలవ వైపు కిటికీ ఉంది. అడ్వాన్సు ఇచ్చి తాళాలు తీసుకున్నానని చెప్పింది. మంచం ఏ గోడవైపు వెయ్యాలో నన్నే చెప్పమంది. చూడని ఇంటికి నేను ఫోన్లో మంచం వేశాను. ఆమె కాదని మళ్లీ జరిపింది. పెళ్లయిన కొత్తలో కూడా మేమలా మాట్లాడుకున్న గుర్తు లేదు.

ఒకటో నంబరు కంప్రెసరు పని అప్పటికే అయిపోయింది. రెండోది నేను వెళ్లేలోపు ముగించి, కొత్తవాడికి అప్పగించాలని మొదలుపెట్టాను. పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు పీల్చే వాల్వు మూసి, మిషన్ నడుపుతూ దానిలోని గ్యాసును రిసీవరనే నిల్వ ట్యాంకులోకి నెట్టి అక్కడ బంధిస్తాం. మిగిలిన కాస్తా గొట్టంతో నీళ్ల పీపాలోకి వదులుతాం. నీళ్లు అమ్మోనియాను తాగేస్తాయి. ఆ తర్వాతే హెడ్డు బోల్టులు విప్పాలి. పాత నూనె కిందికి వదిలినప్పుడు హనుమంతరాయప్ప దాన్ని ఒక పళ్లెంలో పట్టి వెలుతురులోకి తెచ్చాడు. నూనెలో సన్నటి మెరుపులు కనిపించాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నూనెలో మెరుపంటే లోపల ఎక్కడో లోహం అరుగుతున్నట్టు.

పిస్టన్లు బయటికి తీసి, క్రాంక్‌షాఫ్టు చూశాం. క్రాంక్‌షాఫ్టంటే మోటారు తిప్పే తిరుగుడును పిస్టన్ల పైకీ కిందికీ కదలికగా మార్చే వంకర ఇరుసు. దాని మీద పిస్టనుకు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని తిరిగే నున్నటి భాగాన్ని పిన్ను అంటాం. పిన్నుకూ రాడ్డుకూ మధ్య తెల్లలోహం పూసిన రెండు అర్ధచంద్రాల్లాంటి ముక్కలుంటాయి, అవే బేరింగులు. ఒక బేరింగు మీది తెల్లలోహం కరిగి పక్కకు పూసుకుపోయింది. పిన్ను మీద గోరుతో రాస్తే గోరు తట్టుకుంది. మైక్రోమీటరు పెట్టి చుట్టూ కొలిస్తే గుండ్రంగా లేదు, కోలగా అరిగింది. నేను రెండోసారీ కొలిచాను. మొదటిసారి తప్పు కొలిచి ఉంటే బాగుండునన్న ఆశతోనే కొలిచాను.

అలా అరిగిన షాఫ్టును గ్రైండింగ్ చేయించి, సైజు తగ్గించి, ఆ సైజు బేరింగులు వెయ్యాలి. బెంగుళూరు వర్క్‌షాపు వాళ్లు గ్రైండింగ్ చేస్తామన్నారు గానీ ఆ పాత మోడలుకు చిన్న సైజు బేరింగులు దొరకవనీ, పోత పోయించాలంటే రెండు నెలలనీ చెప్పారు. మా మేనేజరు ధర్మవరం మనిషి, రోజూ రైల్లో వచ్చిపోయేవాడు. చెడ్డవాడు కాదు. కొత్త చింతపండుకు వ్యాపారులూ రైతులూ గదులు ముందే మాట్లాడుకున్నారు, పై ఆఫీసు నుంచి రోజూ ఆయనకు ఫోన్లు. ఆయన చెప్పిన ఉపాయం తేలికైనది. పిన్నును ఎమెరీ కాగితంతో రుద్ది నునుపుచేసి, కొత్త బేరింగులు వేసి ఈ సీజను నడిపేద్దాం, వచ్చే ఏడు చూసుకుందాం అన్నాడు. కావాలంటే బయటి కాంట్రాక్టరు ఆ పని చేస్తాడనీ, నేను నిశ్చింతగా వెళ్లి భీమవరంలో చేరవచ్చనీ, రిలీవింగ్ ఉత్తర్వు మీద అప్పుడే సంతకం చేస్తాననీ అన్నాడు.

అలా నడిపినవాళ్లు లేకపోలేదు. కొన్నిసార్లు సీజను గడిచిపోతుంది కూడా. గడవనప్పుడు ఏమవుతుందో నేను ట్రైనింగులో ఉండగా ఒకచోట చూశాను. బేరింగు పట్టేస్తుంది, రాడ్డు విరుగుతుంది, విరిగిన రాడ్డు క్రాంక్‌కేసును, అంటే షాఫ్టు తిరిగే ఇనుప పెట్టెను, లోపలి నుంచి పగలగొడుతుంది. గదినిండా అమ్మోనియా. ఆ గదిలో ఒక స్టూలుంటుంది.

హనుమంతరాయప్పతో ఈ మాట గిడ్డంగి వెనక వేపచెట్టు కింద, టీ తాగేటప్పుడు వచ్చింది. ఆయనకు మేనేజరు చెప్పినదంతా అప్పటికే తెలుసు.

"మీరు పోండి సార్. నాలుగేండ్లుగా అమ్మ ఎదురుచూస్తాండాది. ఈడ మేముండాం గదా" అన్నాడు.

నేను పోతే ఆ పిన్నును రుద్ది బిగించేస్తారని అన్నాను.

"బిగిస్తే బిగిస్తారు. నడిపేది నేనే గదా సార్. చెవి అప్పగించి కూర్చుంటా. రవ్వంత తేడా వచ్చినా ఆపేస్తా."

బేరింగు పట్టేసేటప్పుడు చెవికి తెలిసేలోపే అయిపోతుందని చెప్పాను. ఆయన గ్లాసులో అడుగున మిగిలిన టీని చెట్టు మొదట్లో పోశాడు. గ్లాసును తువ్వాలుతో తుడిచాడు.

"అది తెలుసు సార్" అన్నాడు.

 నన్ను ఉండమని అడగలేదు. లేచి లోపలికి పోయి ఆ స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం సుభద్రకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పిన్ను గురించి, మేనేజరు మాట గురించి, ఆ స్టూలు గురించి. ఏం చెయ్యమంటావని అడిగాను.  

"నన్నడిగితే వచ్చేయమనే అంటానండి. అందుకని నన్ను అడక్కండి. మీరే తేల్చుకోండి" అంది. మళ్లీ తనే, "తేల్చుకున్నాక మాత్రం వెంటనే చెప్పండి. ఇంటిగలావిడ అడుగుతోంది" అంది.

మర్నాడు రీజినల్ ఆఫీసుకు రాశాను. విప్పిన యంత్రం బిగించేదాకా కదలలేననీ, చేరడానికి గడువు పెంచమనీ కోరాను. పెంచడం కుదరదని జవాబొచ్చింది. అది ఊహించిందే. సుభద్రకు చెప్పాను. "సరేనండి. రేపు బడికి వెళ్తూ తాళాలు ఇచ్చేస్తాను" అంది.  ఆ వారమంతా నేను పనిలో మునిగి ఉన్నట్టు నటించాను. నిజానికి ఆ రోజుల్లో విప్పి పెట్టిన యంత్రం చుట్టూ తిరగడం తప్ప చెయ్యడానికి పనేమీ లేదు.

ధర్మవరం ఐస్ ఫ్యాక్టరీ సంగతి ఆ ఖాళీలోనే తట్టింది. అక్కడి కంప్రెసరు మాదానికంటే చిన్నదని అందరం అనుకునేవాళ్లం. పాత కాగితాలు తిరగేస్తే సిలిండర్లు తక్కువే గానీ తయారీ అదే, పిన్నుల సైజూ అదే. షాఫ్టు పొడవు సరిపోతుందా అన్నది చూస్తే గానీ తెలియదు. మూతపడిన యూనిట్ నుంచి ఒక మేకు తియ్యాలన్నా హెడ్డాఫీసు అనుమతి కావాలి. మేనేజరు నాతో అప్పటికి ముభావంగా ఉన్నాడు. అయినా ఈ మాట చెప్పగానే తనే రాశాడు, తనే ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. అనుమతి రావడానికి పది రోజుల పైనే పట్టింది. ఆ లోపల ఫిబ్రవరి అయిపోయింది. భీమవరంలో నా తర్వాతివాడు చేరిపోయాడని విన్నాను.

ఈలోగా కొత్త చింతపండు మొదలైంది. ముందుగా వచ్చింది రొద్దం వైపు నుంచి నరసమ్మ. ఏటా వచ్చే మనిషే. చెట్లు గుత్తకు తీసుకుని కాయలు రాల్పించి, ఊళ్లో ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి కొట్టించి, గింజా నారా తీయించి తెచ్చేది. మంచి పండును ఇక్కడ కరిపులి అంటారు. తేనె రంగులో ఉంటుంది. బయట ఎండకు ఉంటే రోజురోజుకూ నల్లబడి కిందిరకం కిందికి జారిపోతుంది. చల్లటి గదిలో పెడితే ఏడాదంతా ఆ రంగు చెడదు. అందుకే వాళ్ల తొందర. ఒక్క కంప్రెసరు మీద అన్ని గదులకూ వెచ్చటి సరుకు ఎక్కించలేను. పొద్దున్నే చల్లపూట మాత్రమే, గదికి కొంత చొప్పున ఎక్కించమని చెప్పాను. నరసమ్మ ఆటో దిగి, బస్తాల మీద కూర్చుని, మిషన్ సంగతి నన్నే అడిగింది.

"ఏమప్పా, అది ఎప్పటికి లేస్తాది? మా ఇంట్లో పండు నల్లబడతాండాది."

ధర్మవరం నుంచి ఒక సామాను రావాలని చెప్పాను.

"నువ్వు మీ ఊరికి పోతాండావని హనుమంతరాయప్ప చెప్పె గదా."

పోవడం లేదని చెప్పాను. ఎందుకని అడిగింది. మిషన్ విప్పి ఉందన్నాను.

"అయితే బిగిచ్చి పో" అంది, అదేదో మధ్యాహ్నం లోపు అయ్యే పనిలాగా. ఆమె తెచ్చిన దాంట్లో సగం ఆ రోజే గదిలోకి ఎక్కించాం. మిగతా సగం షెడ్డులో తడి గోనెలు కప్పి ఉంచాం. ఆమె రోజూ పొద్దున బస్సుకొచ్చి, ఆ గోనెల మీద నీళ్లు చల్లి, మధ్యాహ్నం బస్సుకు పోయేది.

అనుమతి రాగానే ధర్మవరం వెళ్లాం. నేను, హనుమంతరాయప్ప, ఇద్దరు ఫిట్టర్లు. మేనేజరు ఆ రోజు ఆఫీసుకు రాకుండా ఇంటి నుంచే తాళాలతో వచ్చి గేటు తీశాడు. రేకుల షెడ్డులో పావురాలు. మూసేటప్పుడు క్రాంక్‌కేసులో నూనె నిండుగా పోసి అన్ని మూతలూ బిగించడం ఈ పనిలో మామూలు జాగ్రత్త. ఆ ఏడు అది నేనే చేయించాను గానీ తర్వాత ఎవరైనా నూనె తోడుకుపోయారేమోనని దారిపొడుగునా అనుమానం. మూత తీస్తే నూనె ఉంది. షాఫ్టు ఒక్క తుప్పు మచ్చ లేకుండా నల్లగా మెరుస్తోంది. మైక్రోమీటరుతో ప్రతి పిన్నూ కొలిచాను. హనుమంతరాయప్ప నా భుజం మీదుగా చూస్తున్నాడు. చివరి పిన్ను కొలిచి అంకె పైకి చదివినప్పుడు ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పొడవు తక్కువే, ఒక రాడ్డు స్థానం తక్కువ. అంటే ఆ షాఫ్టుతో మా యంత్రం ఒక సిలిండరు వదిలేసి మిగతావాటితో నడవాలి. సామర్థ్యం కొంత తగ్గుతుంది. రుద్దిన పిన్ను మీద నడిపేదానికంటే అది వెయ్యిరెట్లు నయం. తయారీదారు ఇంజనీరుకు ఫోన్ చేసి, బ్యాలెన్సు బరువులు ఎలా సర్దాలో ఆయన చేతే లెక్క కట్టించాను. తగ్గిన పొడవు కలిసేలా షాఫ్టు కొసకు జతచేసే ఒక కప్లింగు ముక్కను చేయించాల్సి వచ్చింది. ఆ పని మాత్రం హిందూపురం లేతు షాపులోనే అయింది.

చైన్ బ్లాకుతో షాఫ్టును పైకెత్తి, గోనెసంచులు పరిచిన టెంపోలో పడుకోబెట్టాం. అది దొర్లకుండా హనుమంతరాయప్ప పక్కనే కూర్చుని, దాని మీద ఒక చెయ్యి వేసి పట్టుకున్నాడు. హైవే మీద పెనుకొండ దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఆ చెయ్యి అలాగే ఉంది.

బిగింపు నెమ్మదిగా చేయాల్సిన పని. కొత్త బేరింగులకు నీలిరంగు పూసి, పిన్ను మీద తిప్పి, రంగు అంతటా సమంగా అంటిందో లేదో చూస్తాం. అంటనిచోట సన్నగా గీకుతాం. పిన్నుకూ బేరింగుకూ మధ్య నూనె నిలిచేంత సందు ఉండాలి. అది ఎంతుందో తెలుసుకోవడానికి సన్నటి సీసపు తీగ పెట్టి బోల్టులు బిగించి, మళ్లీ విప్పి, నలిగిన తీగ మందం కొలుస్తాం. చూసేవాళ్లకు ఇది పిల్లల ఆటలా ఉంటుంది. ఆఖరున గంధకం వత్తి వెలిగించి ప్రతి జాయింటు దగ్గరా తిప్పుతాం. అమ్మోనియా ఎక్కడ కారుతుంటే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. పొగ లేవలేదు. మొదటిసారి కొద్దిసేపు నడిపి, ఆపి, మూత తీసి, బేరింగుల మీద చెయ్యి పెట్టి వేడి చూశాం. మళ్లీ నడిపాం. నూనె ఒత్తిడి ముల్లు లేచి ఒకచోట నిలబడింది. హనుమంతరాయప్ప స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే నరసమ్మ మిగతా బస్తాలు లోపలికి వెళ్లాయి. కొన్ని అప్పటికే రంగు మారాయి. ఆమె వాటిని చేత్తో కలిపి చూసి, బస్సుకు వెళ్లిపోయింది.

మే నెలలో బడికి సెలవులిచ్చాక సుభద్ర హిందూపురం వచ్చింది. నాలుగేళ్లలో ఇది మొదటిసారి. ఎలాగూ నేనే వచ్చేస్తానని అంతకుముందెప్పుడూ ఆమె రాలేదు. వచ్చిన రెండో రోజు గిడ్డంగి చూడాలంది. కంప్రెసర్ల గదిలోకి అడుగుపెట్టగానే ఆ ఘాటుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. హనుమంతరాయప్ప స్టూలు మీంచి లేచి, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా వల్లే అమ్మా, సార్ ఆగిపోయింది" అన్నాడు.

"మీ వల్ల అని ఆయన చెప్పలేదండి. మిషన్ వల్ల అన్నారు" అంది సుభద్ర.

ఆయన తల దించుకుని నవ్వాడు. రెండు కంప్రెసర్లూ నడుస్తున్నాయి, గదిలో మాట వినపడాలంటే దగ్గరగా జరగాలి. ఆమె నా దగ్గరికి జరిగి ఏది అని అడిగింది. చూపించాను. చాలాసేపు దాన్నే చూసింది. ఎగిరే పిస్టన్లు కనిపించవు, తిరిగే షాఫ్టూ కనిపించదు. కనిపించేదల్లా ఆకుపచ్చ రంగు వేసిన ఒక ఇనుప దిమ్మ, పక్కన తిరిగే చక్రం, బెల్టులు.

"బాగానే తిరుగుతోంది" అంది. తర్వాత, "ఎన్నాళ్లు పనిచేస్తుందండీ ఇది?" అని అడిగింది.

సరిగా చూసుకుంటే నేను రిటైరయ్యేదాకా పనిచేస్తుందని చెప్పాను.

"అన్నాళ్లూ మీరు ఇక్కడే ఉంటారా?"

నేను గేజీల వైపు తిరిగి నూనె ఒత్తిడి చూశాను. 

ఆ నెలంతా ఆమె నా గదిలోనే ఉంది. మధ్యాహ్నాలు విపరీతమైన ఎండ. సాయంత్రం కాగానే మేడ మీదికి గాలి వచ్చేది. చెమట పట్టని ఎండ ఇదే మొదటిసారి చూడడం అనేది. లక్ష్మీదేవమ్మ దగ్గర సంగటి కెలకడం నేర్చుకుంది. నాకంటే ముందే మింగడమూ నేర్చుకుంది. కాలవ పక్క ఇంట్లో ఎవరో బ్యాంకు ఉద్యోగి చేరాడని ఒకసారి మాటల్లో చెప్పింది. జూన్లో బడి తెరిచే ముందు వెళ్లిపోయింది. ఈసారి రైలు పెట్టెలో ఆమె కూర్చుంటే, కిటికీ ఊచ మీద చెయ్యి వేసి నేను నిలబడ్డాను.

నాకు భీమవరం బదిలీ దొరకడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు పట్టింది. వచ్చిన కొద్దికాలానికే రిటైరయ్యాను. ఇప్పుడిక్కడ నీళ్లున్నాయి, పచ్చదనముంది, పొద్దున లేచేసరికి సుభద్ర పక్కనే ఉంది. కోరుకున్నదంతా ఉంది. అయినా ఫిబ్రవరి వచ్చేసరికి నా చేతులు పానాల కోసం వెతుకుతాయి. కరెంటు పోయి ఇంట్లో ఫ్యాను ఆగితే, మళ్లీ అది తిరిగేదాకా నిలబడిపోతాను. ఇక్కడి ఉక్కపోతలో సుభద్రే అప్పుడప్పుడు, హిందూపురం మేడ మీద గాలి ఎంత బాగుండేదండీ అంటుంది. నేను గోదావరి కోసం అలమటించిన గదిని తలుచుకుని ఇద్దరం ఇక్కడ అలమటిస్తున్నాం.

హనుమంతరాయప్ప కూడా రిటైరై సొంత పల్లెలో గొర్రెలు పెట్టుకున్నాడు. కొత్త చింతపండు దిగే రోజుల్లో తప్పకుండా ఫోన్ చేస్తాడు. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో కూర్చున్నందుకు ఇద్దరికీ చెవులు మందగించాయి. ఆయన అన్నది నాకు అందదు, నేనన్నది ఆయనకు అందదు. అందుకని అటు లక్ష్మీదేవమ్మ, ఇటు సుభద్ర ఫోను పట్టుకుని, మేం అన్న మాటలు ఒకరికొకరు చెప్పుకుంటారు. పెద్దగా మాటలేమీ ఉండవు. వానలు పడినాయా, ఒళ్లు ఎట్లుండాది, అంతే. మా ఇద్దరి మాటల కంటే వాళ్లిద్దరి మాటలే ఎక్కువసేపు సాగుతాయి.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ సంగతి నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. యంత్రాన్ని విప్పేముందు, దాన్ని బిగించేదాకా అక్కడ ఉండగలమా లేదా అని తేల్చుకోవాలి. విప్పాక ఆ ప్రశ్న వేసుకోవడానికి లేదు. దాని ముందు కూర్చునే మనిషి ఎవరో తెలిసి ఉంటే అసలే లేదు. బిగించడానికి ఎంతకాలం పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ కాలాన్ని ఇంజనీరుతో పాటు అతని ఇంట్లోవాళ్లూ మోస్తారు. ఏ మెయింటెనెన్స్ షెడ్యూలులోనూ దానికి గడి ఉండదు.